తెల్లగా వచ్చిన రెండో పేజీ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల మాస్టారు కదా, లెక్కలే చెబుతాడని అనుకుని ఉంటారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆఫీసు గది మూలన ఉండే సైక్లోస్టైల్ మిషన్ గురించి. మీరు రాసిన క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ ప్రశ్నపత్రాలన్నీ అందులోంచి వచ్చినవే.

1881లో లండన్‌లో డేవిడ్ గెస్టెట్నర్ అనే ఆయన కొసన చిన్న పళ్ళ చక్రం ఉన్న కలం ఒకటి తయారుచేశాడు. దానితో మైనపు కాగితం మీద రాస్తే సన్నని రంధ్రాలు పడేవి. ఆ కలం పేరే సైక్లోస్టైల్. మా కాలానికి కలం పోయి టైపు మిషన్ వచ్చినా పేరు నిలిచిపోయింది. స్టెన్సిల్ కొట్టడం, తప్పు పడితే కరెక్షన్ ఫ్లూయిడ్ పూసి ఆరాక మళ్ళీ కొట్టడం ఒక ఎత్తు. కాగితం ఒక్కొక్కటిగా లోపలికి వెళ్ళేలా చూడడం మరో ఎత్తు.

వానాకాలంలో క్వార్టర్లీ వచ్చిందంటే నాకు గుండె దడే. కాగితం చెమ్మ పట్టి వంకర తిరిగేది. ఒకసారి రెండేసి పోయేవి, ఒకసారి అసలు కదిలేవి కావు. నేను మిషన్‌ను తిట్టేవాణ్ణి. మా అటెండరు మాత్రం, "మిషన్నేమీ అనకండి మాస్టారూ, ముందు కాగితం చూడండి" అనేవాడు.

ఆయన పద్ధతి ఇది. కొత్త కట్టలో కోత పడిన అంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని పేకముక్కల్లా విదిలించి, గాలి ఆడనిచ్చి, బల్ల మీద తట్టి సమం చేసేవాడు. కాగితం కదలకపోతే రబ్బరు రోలర్లు చూసేవాడు. వాటికి కాగితపు నూగు పడితే పట్టు ఉండదు. తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చేవాడు. పక్కల ఉండే పట్టీలు బిగిస్తే కాగితం మధ్యలో ఉబ్బుతుంది, వదిలేస్తే అడ్డంగా పోతుంది. కాగితం డ్రమ్ముకు అంటుకుని తిరిగితే సిరా ఎక్కువైనట్టు, లేదా పైన ఖాళీ వదలకుండా టైపు చేసినట్టు. ఆ రెండో తప్పు నాదే. కాగితం పొదుపు చేద్దామని పై అంచుదాకా కొట్టేవాణ్ణి.

ఒక ఏడాది ఆయన సెలవులో ఉన్నాడు. పదో తరగతి లెక్కల పేపరు, రెండు వైపులా. రాత్రి నేనొక్కణ్ణే తిప్పాను. కాగితాలు లెక్కపెట్టాను, సరిపోయాయి. తిరగేసి మాత్రం చూడలేదు. రెండు కాగితాలు కలిసి పోతే పైదానికే అచ్చు పడుతుంది, కిందది తెల్లగానే బయటికి వస్తుంది. ఆ సంగతి నాకు తెలిసి కూడా చూడలేదు.

పేపర్లు దిద్దుతుంటే బాగా చదివే అబ్బాయి ఒకడు సగమే రాసి ఉన్నాడు. క్లాసులో లేపి, అడగకుండానే అరచేతి మీద రెండు దెబ్బలు వేశాను. తరవాత అడిగాను, "మిగతాది ఎందుకు రాయలేదురా?" అని. వాడు జేబులోంచి మడత పెట్టిన ప్రశ్నపత్రం తీసి ఇచ్చాడు. వెనకవైపు తెల్లగా ఉంది.

ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి మిగతా సగం రాయించాను. మార్కులు సరిచేశాను. కానీ తప్పు నాదని క్లాసులో చెప్పలేదు. మాస్టారు పిల్లాడికి క్షమాపణ చెప్పడమేమిటని అనుకున్న రోజులవి.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ప్రతి ప్రశ్నపత్రాన్నీ తిరగేసి చూశాకే కట్ట కట్టాను. ఇప్పుడు మన బడిలో జిరాక్స్ మిషన్ ఉంది. అందులోనూ కాగితాలు రెండేసి పోతాయని ఈ మధ్యే విన్నాను. కుర్ర మాస్టార్లకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లాడు రాయలేదని కోప్పడే ముందు వాడి చేతిలో ఉన్న కాగితం తీసుకుని రెండు వైపులా చూడండి.

ఆ అబ్బాయి ఈ సభలో ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఉంటే, బాబూ, ఆ రోజు తప్పు నాదే. నలుగురిలో కొట్టాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నాను.

సెలవు.