కొండగట్టు ఘాటురోడ్డు
(ఉపన్యాస పాఠము)

2018 సెప్టెంబరు 11వ తేదీ మంగళవారమునాడు ఈ కొండగట్టు ఘాటురోడ్డు దిగుచున్న ఆర్టీసీ బస్సు లోయలో బడగా 60 మందికి పైగా మరణించిరి. అందు 100 మందికి పైగా ఎక్కియుండిరి. మృతులలో డ్రైవరును గలడు. బదులు చెప్పలేనివానిపై నేరము మోపుట సులభము; న్యాయవాదులమగు మే మందుకు సమ్మతింపము. వేరొక బస్సు సకాలమున వచ్చునని నమ్మినచో జనులు అంత యిరుకున నెక్కుదురా?

2014 జూలై 24న మాసాయిపేటవద్ద కాపలాలేని రైలుగేటు దాటుచున్న పాఠశాల బస్సును రైలు ఢీకొని పసిబిడ్డలు మడిసిరి. 2019 జనవరి నాటికి దేశమందలి బ్రాడ్‌గేజి మార్గములపై అట్టి గేట్లు లేకుండ జేసిరి. చేయదలచిన నయినదిగదా!

కావున మేము కోరునది యిది: దిగుడుకు ముందు బస్సు నాపి బ్రేకులు పరీక్షింపవలెను, మితిమించిన జనమున్నచో కదలననుటకు డ్రైవరునకు వ్రాతపూర్వకముగ అధికారమీయవలెను, అందువలన నైన ఆలస్యమునకు అతనిని శిక్షింపరాదు.