పెద్దలు పలక పట్టాలి



సాహిత్య సదస్సు అధ్యక్షోపన్యాసంలో గడిచిన యాభై ఏళ్ల సాహిత్యాన్ని ఒకసారి సింహావలోకనం చేయడం మన ఆనవాయితీ. ఇవాళ నేను ఆ దారిన వెళ్లడం లేదు. వయసు మీద పడ్డాక కొత్త పనికి పూనుకోవడం గురించి మాట్లాడదలిచాను. ఈ హాలులో అరవై దాటినవాళ్లమే ఎక్కువ కాబట్టి ఇది మన సొంత గొడవ అనిపించవచ్చు. దాని వెనక తెలుగు అవసరం కూడా ఉంది. ఈ భాషకు జరగవలసిన పనుల్లో కొన్ని, వయసు మళ్లినవాళ్లు కొత్త విద్య నేర్చుకుంటే తప్ప జరగవు. నా మనవి అంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. పిల్లల్ని దారిలో పెట్టడానికి పుట్టిన సామెత అది. దాన్ని తీసుకొచ్చి పెద్దవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి వాడుతున్నాం. అరవై అయిదేళ్ల ఆవిడ వీణ నేర్చుకుంటానంటే, "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తంటా, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక" అంటారు కన్నబిడ్డలు. ప్రేమతోనే అంటారు. సంగీత పాఠశాల గుమ్మంలో నెరిసిన తల కనబడితే, మనవరాలిని చేర్పించడానికి వచ్చారా అని అడుగుతారు. వినీ వినీ మనమూ ఆ మాట నమ్ముతాం. నేర్చుకునే శక్తి తగ్గడం కంటే ముందే, నేర్చుకుంటూ నలుగురి కంట పడడానికి మొహమాటం మొదలవుతుంది. పెద్దరికం అడ్డం వస్తుంది. నిన్నటిదాకా పదిమందికి పాఠం చెప్పిన మనిషి ఇవాళ పలక పట్టుకుని కూర్చోవడమా అనే సంకోచం, మోకాళ్ల నొప్పుల కంటే గట్టిగా మనల్ని కట్టిపడేస్తుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, ఆగస్టు 29, మనకు తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు ఆయన పటానికి దండ వేస్తాం, ఉపన్యాసాలు చెప్పుకుంటాం. ఆయన ఏ వయసులో ఏ పని చేశారో మాత్రం లెక్క చూసుకోం. 1863లో పుట్టిన మనిషి. వాడుక భాష కోసం పోరు మొదలుపెట్టేనాటికే నలభై దాటాయి. పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా మంచి పేరుంది, ఆ పేరుతో సుఖంగా కాలం వెళ్లిపోయేది. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టినప్పుడు ఆయనకు యాభై ఆరేళ్లు. సంపాదకత్వం, ఊరూరా తిరిగి పండితసభల్లో వాదించడం, ఇవేవీ బడిపంతులు పనిలో భాగం కావు. ఒక్కొక్కటీ ఆయన ఆ వయసులో కొత్తగా చేతిలోకి తీసుకున్న విద్యే.

సవర భాష కోసం ఆయన చేసిన పనిని ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో సవరల ఊళ్లున్నాయి. వాళ్ల భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. పంతులుగారు యువకుడిగా ఉన్నప్పుడే సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయనకు శిష్యుడై, ఒక్కో మాటా నేర్చుకున్నారు. కొండల్లో తిరుగుతుంటే మలేరియా జ్వరాలు పట్టుకున్నాయి. వాటికి క్వినైన్ మింగారు. ఆ మందు వినికిడిని దెబ్బతీసింది. సవర మాటల్లో ఊపిరి గొంతులోనే చటుక్కున ఆగి మళ్లీ విడివడే ధ్వని ఒకటుంది. మన వర్ణమాలలో దానికి గుర్తు లేదు. చెవులు సరిగ్గా పనిచేసేవాళ్లకే అది ఒక పట్టాన చిక్కదు. వినికిడి పోయిన మనిషికి చెప్పేవారి గొంతునూ పెదవులనూ కనిపెట్టి చూడడం, మళ్లీ మళ్లీ పలికించుకోవడం తప్పదు కదా. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, అరవై ఎనిమిదో ఏట. సవర నిఘంటువు 1938లో వచ్చింది, డెబ్బై అయిదో ఏట. ఈ రెండు పుస్తకాల నడుమ, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చి స్థిరపడ్డారు. డెబ్బై దాటిన వయసులో ఇల్లు మారిన మనిషి నిఘంటువు వెలువరించారు. మనం దండ వేయవలసింది ఈ పట్టుదలకు కూడా.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిని తలచుకోకుండా ఈ విషయం పూర్తి కాదు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల తరబడి తెలుగు చెప్పి, 1949లో పదవీ విరమణ చేశారు. అక్కడితో విశ్రాంతి తీసుకుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన తిరుపతి వచ్చి అన్నమాచార్యుల సంకీర్తనల మీద కూర్చున్నారు. ఆ సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఏ బాణీలో పాడుకున్నాడో చెప్పే ఆధారమే లేదు. ఆ రాగం పేరు ఒక్కటి పట్టుకుని, సాహిత్యం భావాన్ని చూసుకుంటూ, కీర్తనలకు స్వరాలు కూర్చారు. సంగీతం ఆయనకు చిన్ననాటి నుంచీ వచ్చిన విద్యే. శతాబ్దాలుగా మరుగున పడ్డ పాటకు గొంతునివ్వడం మాత్రం యాభై ఏడేళ్ల తరువాత పెట్టుకున్న పని. మద్రాసు సంగీత అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అప్పటికి ఎనభై దాటారు. ఇవాళ ఇంటింటా అన్నమయ్య పాట వినబడుతోందంటే ఆ రిటైర్మెంటు తరువాతి శ్రమకు అందులో పెద్ద వాటా ఉంది.

వాళ్లు మహానుభావులు, మనకెక్కడ సాధ్యం అని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అయితే నెల్లూరు జిల్లా వెళదాం. 1990ల తొలినాళ్లలో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో ఒళ్లు వంచి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, పిల్లలకు అన్నం పెట్టిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలతో వచ్చి కూర్చున్నారు. కొడవలి పట్టి కాయలు కాచిన వేళ్లకు బలపం నిలవదు. అ దిద్దితే పలక పగిలేంత ఒత్తిడి పడుతుంది. అలా దిద్దినవాళ్లు వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ చదివారు. తమ బతుకే అచ్చులో కనిపించింది. అదే జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ కదలిక జిల్లా దాటింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, నిజమే. అయినా కాపురాలు చేసి, బిడ్డల్ని కని పెంచిన వయసులో అక్షరం నేర్చిన ఆడవాళ్లు ప్రభుత్వాల చేత నిర్ణయాలు మార్పించారన్న మాట చెరిగిపోదు. వయోజన విద్యను కాలక్షేపం కింద జమకట్టేవాళ్లకు నేను ఎప్పుడూ దూబగుంటనే చూపిస్తాను.

కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో, తొంభై ఆరేళ్ల వయసులో, అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నారు. ఆ తరువాత కంప్యూటరు నేర్చుకోవాలని ఉందన్నారు. ఆ రెండో మాట నాకు మరీ ఇష్టం.

శాస్త్రం ఏమంటుందో కూడా చూడాలి. వయసుతో జ్ఞాపకశక్తి మందగిస్తుంది, కొత్తది పట్టుబడడానికి ఎక్కువ కాలం పడుతుంది. దాన్ని దాచి లాభం లేదు. అమెరికాలో డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డెనీస్ పార్క్ బృందం 60 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 221 మందిని తీసుకుని ఒక అధ్యయనం చేసింది. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. కొందరికి డిజిటల్ ఫోటోగ్రఫీ, కొందరికి గుడ్డపీలికలు కలిపి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ నేర్పారు. వారానికి పదిహేను గంటల చొప్పున మూడు నెలలు. మిగిలినవాళ్లు కొందరు కలిసి కబుర్లు, విహారయాత్రలతో గడిపారు, కొందరు ఇంట్లో సంగీతం వింటూ, తెలిసిన పదాల ఆటలు ఆడుకుంటూ గడిపారు. చెమటోడ్చి కొత్త విద్య నేర్చుకున్నవాళ్లకే, ముఖ్యంగా కెమెరా పట్టినవాళ్లకు, జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు. అయినా అందులో మనకు పనికొచ్చే సూచన ఉంది. చేతనైన పనినే మరోసారి చేయడం హాయినిస్తుంది, మనసుకు కసరత్తు కావాలంటే చేతకాని పని ఎత్తుకోవాలి. నలభై ఏళ్లుగా పద్యం చెబుతున్నవారికి మరో శతకం ఏపాటి కష్టం? వారు కథ రాయాలి. వచనం రాసేవారు ఛందస్సు నేర్వాలి.

తెలుగుకు మన అవసరం ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. ఆ ఆచార్యులే 2003లో, డెబ్బై అయిదో ఏట, ద్రావిడ భాషలన్నింటి మీద సమగ్ర గ్రంథం వెలువరించారు. ఆ పదకోశంలోని మాటలు నోట పలికిన రైతుల తరం దాదాపు దాటిపోయింది. నాగలికి మేడి ఏదో, నొగ ఏదో, గొర్రుకూ గుంటకకూ తేడా ఏమిటో చూసి ఎరిగినవాళ్లు ఇవాళ ఈ హాలులో ఉన్నారు. వాళ్ల మనవళ్ల దగ్గర ఫోను ఉంది, ఆ మాట లేదు. మాట తెలిసినవారే ఫోను పట్టడం నేర్చుకుని రికార్డు చేస్తే తప్ప ఆ రెండూ కలవవు.

పాత పుస్తకాల పనీ అంతే. తెలుగు వికీసోర్స్‌లో హక్కుల గడువు తీరిన పుస్తకాల పుటలను స్కాన్ చేసి పెడుతున్నారు. యంత్రం ఆ పుటను అక్షరాలుగా మారుస్తుంది, తప్పులు మనిషే దిద్దాలి. అరసున్నను చాలాసార్లు యంత్రం నిండుసున్న చేసేస్తుంది, లేదా మింగేస్తుంది. బండి ఱ దగ్గర తడబడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు అరసున్నను బడిలో చూసి ఉండడు, అది తప్పిపోయిందని అతనికి తట్టదు. మన కంటికి అది వెంటనే ఆనుతుంది. కాకపోతే కీబోర్డు మీద దాన్ని ఎలా రాబట్టాలో మనం ఆ కుర్రవాడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. అతను గురువు, మనం శిష్యులం. పనిలో దిగాక అరసున్న ఎక్కడ ఎందుకు వస్తుందో అతను మనల్ని అడుగుతాడు.

ఇంటి చాకిరీ, మనవల పెంపకం మీద పడి గంట తీరిక దొరకని అమ్మమ్మలకు, పింఛను లేక ఇంకా కూలికి పోయే ముసలివాళ్లకు ఈ మాటలు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఇంట్లోవాళ్లు ఆ గంట తీరిక వాళ్లకు కల్పించాలి. మన సంఘాలు సాయంకాలం తరగతులు వాళ్ల వీధిలోనే, వాళ్లకు కుదిరే వేళకు పెట్టాలి.

ఇవాళ్టి కార్యక్రమంలో చిన్న మార్పు చేయమని నిర్వాహకులను కోరాను, సంతోషంగా ఒప్పుకున్నారు. భోజనాల తరువాత ఉండవలసిన సన్మానాలు రేపటికి వాయిదా పడ్డాయి. వాటి బదులు పక్క గదిలో విద్యార్థులు ల్యాప్‌టాప్‌లతో కూర్చుంటారు. ప్రతి బల్ల దగ్గర ఒక పాత పుస్తకం పుట తెరిచి ఉంటుంది. పెద్దలు ఒక్కొక్కరూ ఒక విద్యార్థి పక్కన కూర్చుని ఒక పుట దిద్దాలి. కళ్లజోళ్లు మరచిపోకుండా తెచ్చుకోండి. నేను మొదటి బల్ల దగ్గర ఉంటాను. దిద్దిన పుటల్లో ఒకదాన్ని సాయంత్రం ముగింపు సమావేశంలో, దిద్దిన ఇద్దరూ కలిసి చదివి వినిపిస్తారు.