ఒకే స్వరం, రెండు పేర్లు: శ్రుతి, స్వరం, లయ, తాళం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. అక్కడి క్వార్టర్స్‌లో ఒక ఇంట తెలుగు అమ్మాయి సరళీ వరుసలు పాడుతోందనీ, పక్కింట బెంగాలీ అబ్బాయి హార్మోనియం మీద సర్గమ్ వాయిస్తున్నాడనీ అనుకుందాం. ఇద్దరినీ "శుద్ధ ధైవతం వాయించండి" అని అడిగితే చెరొక మెట్టు నొక్కుతారు. తప్పు ఎవరిది?

ముందు శ్రుతి సంగతి చూద్దాం. మన సంగీతంలో షడ్జమానికి స్థిరమైన పౌనఃపున్యం లేదు. సెకనుకు 240 కంపనాలను షడ్జమంగా తీసుకుంటే పంచమం 360, పై షడ్జమం 480 అవుతాయి. షడ్జమాన్ని 300కు పెంచితే పంచమం 450 అవుతుంది. అంకెలు మారినా 2:3 నిష్పత్తి మారదు. అంటే స్వరాన్ని గుర్తించేది షడ్జమంతో దానికున్న సంబంధాన్ని బట్టే.

షడ్జమం మొదలు పై షడ్జమం లోపల 12 స్వరస్థానాలున్నాయి. షడ్జమ పంచమాలు కదలవు. హిందుస్తానీలో బిలావల్ స్వరాలను, అంటే మన ధీరశంకరాభరణం స్వరాలను, శుద్ధమంటారు. ధైవతాన్ని తగ్గిస్తే కోమలం. కర్ణాటక పద్ధతిలో ఆ తగ్గిన ధైవతమే శుద్ధం. కనుక ఇద్దరిదీ ఒప్పే! తేడా పేరులోనే ఉంది.

ఇక లయ. పాత పట్టాల అతుకుల మీద రైలు చక్రాల చప్పుడు సమానమైన వ్యవధిలో వినిపించేది. ఆ సమానతే లయ. ఆ దెబ్బలను లెక్కగా కూర్చితే తాళం. ఆదితాళంలో 4+2+2, మొత్తం 8 అక్షరాలు: లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఒక్కొక్క ద్రుతానికి ఒక దెబ్బ, ఒక విసురు. హిందుస్తానీ తీన్‌తాల్‌లో 4 చొప్పున 16 మాత్రలు. తొమ్మిదో మాత్ర ఖాళీ, అక్కడ చేయి విసురుతారు. రెండింటిలోనూ ఆవృత్తం ముగిసి మొదటి దెబ్బకే తిరిగి రావాలి.

రెండో కాలం పాడమంటే చాలామంది చేతి వేగం పెంచేస్తారు. అది పొరపాటు. చేయి మారదు, అక్షరానికి మొదటి కాలంలో ఒకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు స్వరాలు పడతాయి.

ఇంటి దగ్గర మొదటి సరళీ వరుసను మూడు కాలాల్లోనూ పాడి చూడండి. చేయి తడబడకపోతే లయ కుదిరినట్టే. తర్వాత హిందుస్తానీ నేర్చుకునే స్నేహితుణ్ణి భైరవ్ థాట్ స్వరాలు వాయించమనండి. మీరు మాయామాళవగౌళలో నేర్చుకున్న తొలి పాఠం స్వరాలే మీకు వినిపిస్తాయి.