ఆదివారం రెండు గంటలు పిల్లలకిద్దాం

(షోలాపూర్‌లో జరిగిన సంఘం సభ్యుల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

కార్మిక సోదరులారా, బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లారా,

బోనస్ సంగతి, పి.ఎఫ్. సంగతి అధ్యక్షులవారు చెప్పారు. నేను మన పిల్లల చదువు గురించి మాట్లాడతాను. ఇది కూడా సంఘం పనే.

ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది మా వాడలో సాంచాలు నడిపే ఒక సోదరుడు కొడుకును వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చాడు. పిల్లవాడు మరాఠీ బడిలో ఐదో తరగతి. "వీనికి చదువు ఎక్కుతలేదన్నా, కండెలు చుట్టే పనిలో పెడత" అన్నాడు. నేను పెద్దరికంగా పలక చేతికిచ్చి "తేవీస్ రాయరా" అన్నాను. వాడు 32 రాశాడు. "ఐదో తరగతికొచ్చి ఇరవై మూడు రాయరాదా?" అని నలుగురి ముందు గదిమాను. వాడు మళ్లీ బలపం ముట్టలేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే నాకు తెలిసివచ్చింది. తెలుగులో ఇరవై ముందంటాం, మూడు తర్వాతంటాం. మరాఠీ 'తేవీస్'లో మూడు ముందు వస్తుంది, ఇరవై వెనక వస్తుంది. వాడు విన్న వరసలోనే రాశాడు. 'ఏకతీస్' అంటే కొందరు పిల్లలు 13 రాసేదీ ఇందుకే. ఇంట్లో ఒక వరస, బడిలో ఇంకో వరస. 2019లో బాలభారతి వారు రెండో తరగతి గణితం పుస్తకంలో 'వీస్ తీన్' అని చదివే పద్ధతి కూడా పెడితే మహారాష్ట్రలో పెద్ద వాదమే నడిచింది. పెద్ద చదువులవాళ్లు వాదులాడుకున్న చిక్కుకు నేను ఒక పిల్లవాణ్ణి దోషిని చేశాను.

సాంచా మీద పోగు తెగితే మనం ఏం చేస్తాం? సాంచా ఆపి, తెగిన చోటు వెతికి, ముడి వేస్తాం. పోగును ఎవరూ తిట్టరు.

మరుసటి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అగ్గిపుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టాం. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. ముందు తెలుగులో లెక్కపెట్టాడు, తర్వాత మరాఠీలో చెప్పి, ఆ తర్వాత రాశాడు. నాలుగు ఆదివారాలకు తప్పు లేకుండా రాశాడు. ఐదో ఆదివారం నేను వెళ్లేసరికి అవే పుల్లలు ముందేసుకుని చెల్లెలికి చెబుతున్నాడు. తండ్రి మళ్లీ కండెల మాట ఎత్తలేదు.

సోదరులారా, విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడిలో చోటు దక్కింది. కాని చోటు దక్కినంత మాత్రాన చదవడం వచ్చేయదు. తరగతి పెరుగుతుంది, చదువు రెండో తరగతి దగ్గరే ఆగుతుంది. సిగ్గుతో పిల్లవాడు వెనక బెంచీకి, అక్కణ్ణుంచి సాంచాల దగ్గరికి చేరతాడు. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నది గాని, బడి వేళ కానప్పుడు సొంత ఇంటి పనిలో సాయం చేయవచ్చని సందు వదిలింది. ఇంట్లోనే సాంచాలున్న మనవాళ్లకు ఆ సందు ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కరలేదు.

నేను పనిచేసిన మిల్లు మూతబడ్డప్పుడు కాగితాలు ముందు పెట్టి సంతకాలు చేయమన్నారు. చదవగలిగినవాళ్లు "ఇదేమిటి?" అని అడిగారు. చదవలేనివాళ్లు వేలిముద్ర వేసి ఇంటికి పోయారు. ఆ తేడా నా కళ్లతో చూశాను.

మేమేం పంతుళ్లమా అని మీరు అడగవచ్చు. ముంబైలో 1990లలో ప్రథమ్ సంస్థ 'బాలసఖి' అనే పని మొదలుపెట్టింది. అదే బస్తీలో హైస్కూలు చదివిన అమ్మాయిలు, తరగతిలో వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చెప్పారు. 2001–03లో ముంబై, వడోదర బడుల్లో పరిశోధకులు పరీక్షలు పెట్టి చూస్తే పిల్లల చదువు మెరుగుపడింది, బాగా వెనకబడినవాళ్లే ఎక్కువ లాభపడ్డారు. ఆ పరిశోధకుల్లోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

పద్ధతి కష్టమైంది కాదు. పిల్లవాడు ఏ తరగతో అడగకండి, ఏం వచ్చో చూడండి. అక్షరాలు వచ్చినవాళ్లు ఒక జట్టు, మాటలు చదివేవాళ్లు ఒక జట్టు, నాలుగు వాక్యాలు చదివేవాళ్లు ఒక జట్టు. మొద్దు, దద్దమ్మ అనే మాటలు ఆ గదిలో వినబడరాదు. పక్క పిల్లవాడితో పోల్చరాదు. పోయిన వారం రానిది ఈ వారం వస్తే అది నలుగురికీ వినబడేలా చెప్పండి. తలుపు తెరిచే ఉండాలి, గదిలో ఇద్దరు పెద్దలుండాలి. రాలేని వారం ముందే చెప్పండి. మీ కోసం ఎదురుచూసి తిరిగిపోయిన పిల్లవాడు మళ్లీ రాడు.

"ఇది సర్కారు పని, మనమెందుకు చేయాలి?" అనే మాట కూడా విన్నాను. సర్కారు పనే. ఖాళీ పోస్టుల్లో పంతుళ్లను వేయమని మన పోరాటం ఆగదు. కాని మన అర్జీకి జవాబు వచ్చేలోగా పిల్లవాడికి ఒక ఏడు గడిచిపోతుంది.

ఈ ఆదివారం కూడా మనకు ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే ముందు నిలవగా బొంబాయి మిల్లు కార్మికులు పోరాడి 1890 జూన్ 10న సాధించుకున్న సెలవు ఇది. ఆయన మహాత్మా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజం మనిషి. ఫూలే దంపతులు 1855లోనే పుణేలో రైతులకు, కూలీలకు రాత్రి బడి నడిపారు. బొంబాయిలో ఆ సమాజానికి అండగా నిలిచినవారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు తెచ్చిపెట్టిన సెలవులో రెండు గంటలు అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం పదింటికి ఆఫీసు తలుపు తెరుస్తాం. పాళీ ఉన్నవాళ్లు సాయంత్రం రండి. పది చదివిన మన ఆడపిల్లలను తప్పక పంపండి. పేర్ల పుస్తకం ఆ బల్ల మీద ఉంది. మొదటి పేరు నాదే రాశాను, రెండోది మీలో ఒకరు రాయాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!