మధుమేహం ఉన్నవారు పరుగెత్తవచ్చా?



మధుమేహం, అంటే మనం వాడుకలో షుగర్ అనో చక్కెర జబ్బు అనో పిలిచే వ్యాధి ఉన్నవారు పరుగెత్తవచ్చా? నలభై, యాభై ఏళ్ల వయసులో ఆ అలవాటు కొత్తగా మొదలుపెట్టవచ్చా? మొదలుపెడితే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? ఈ విషయాలను ఈనాటి ప్రసంగంలో ముచ్చటించుకుందాం. నేను వైద్యుణ్ణి కాను. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా సగరోళిలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఆరేళ్లుగా నాకు ఈ వ్యాధి ఉంది. నాలుగేళ్లుగా వైద్యుని సలహా మీద వారానికి నాలుగు రోజులు పరుగెడుతున్నాను. అందువల్ల నేర్చుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ మీతో పంచుకుంటాను.

చక్కెర అనే మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. మంజీర దాటితే బోధన్. అక్కడ నిజాం కాలంలో నెలకొల్పిన చక్కెర కర్మాగారం పేరు మీదనే శక్కర్‌నగర్ వెలసింది. ఏటికి ఇవతలి వాళ్లకూ, అవతలి వాళ్లకూ చక్కెర అంటే చెరకు బండ్లు, కూలి డబ్బులు, పండుగ ఖర్చులు గుర్తుకు వచ్చేవి. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. ఇప్పుడు మన ఊళ్లలో ఎవరైనా "చక్కెర ఎంత ఉంది?" అని అడిగితే రక్తపరీక్ష గురించి అడిగినట్టే. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారు. ఇది పట్నం వాళ్ల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అని ఇంకా అనుకుంటే పొరపాటు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. పొలానికి కూడా మోటారు సైకిలు మీదనే పోతున్నాం. రోజూ మూడు పూటలా తినే అన్నం మాత్రం తగ్గలేదు.

వ్యాయామం చేస్తే చక్కెర ఎందుకు తగ్గుతుంది? మనందరికీ తెలిసిన పోలికతో చెబుతాను. మంజీర మీద నిజాంసాగర్ ఉంది కదా. చెరువు నిండుగా ఉన్నా తూము తలుపు ఎత్తకపోతే పొలానికి నీళ్లు రావు. మన రక్తంలోని చక్కెర కూడా అంతే. అది కండరాల్లోకి పోవాలంటే తలుపు తెరుచుకోవాలి. ఆ తలుపు ఎత్తేది ఇన్సులిన్. మధుమేహంలో ఇన్సులిన్ చాలకపోవడమో, ఉన్నది సరిగ్గా పనిచేయకపోవడమో జరుగుతుంది. నీళ్లు ఇవతలే నిలిచిపోతాయి, పొలం ఎండుతుంది. అయితే కండరం కష్టపడుతున్నప్పుడు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా మరో తూము తెరుచుకుంటుంది. అంతేకాదు, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తుంది. వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

ఈ సంగతి మన పూర్వులకూ తెలుసు. సుశ్రుత సంహితలో ప్రమేహ చికిత్స చెప్పిన చోట, ధనం లేని రోగి నూరు యోజనాలు నడవాలని, బావి తవ్వాలని ఉంది. చెప్పులు, గొడుగు లేకుండా నడవమని కూడా ఉంది. నడక మాట నేటికీ నిజమే. చెప్పులు లేకుండా అన్న మాట మాత్రం ఈ వ్యాధి ఉన్నవారు పాటించకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక ఆధునిక పరిశోధనల మాట. అమెరికాలో మధుమేహం అంచున ఉన్నవారి మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో ప్రకటించారు. వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసి, తిండి మార్చుకుని, కొంత బరువు తగ్గినవారిలో వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన దేశంలోనే చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం ఇటువంటి అధ్యయనమే చేసి 2006లో ప్రకటించింది. అందులో తగ్గుదల సుమారు 28 శాతం. వ్యాధి వచ్చేసిన వారికి కూడా క్రమం తప్పని వ్యాయామం వల్ల మూడు నెలల సగటు చక్కెర తగ్గుతుందని రుజువైంది.

మరి నడక చాలదా, పరుగెందుకు అని అడగవచ్చు. నడక చాలు. వారానికి 150 నిమిషాలు వేగంగా నడిచేవారు ఎవరి మాటా విని పరుగెత్తనవసరం లేదు. పరుగైతే అందులో సగం సమయం, అంటే వారానికి 75 నిమిషాలు సరిపోతుంది. బడికో, బ్యాంకుకో, దుకాణానికో పొద్దున్నే పోవలసిన వారికి ఆ మిగిలే సమయం చిన్నది కాదు. ఈ వ్యాధి ఉన్నవాళ్లకు బలం ఉండదనే అపోహ కూడా వదిలించుకోవాలి. క్రికెట్ చూసే శ్రోతలకు వసీం అక్రమ్ తెలుసు. ఆయనకు 1997లో మధుమేహం బయటపడింది. ఆ తర్వాత కూడా 2003 దాకా ఫాస్ట్ బౌలింగ్ చేసి వన్‌డేలలో 502 వికెట్లు పూర్తిచేశాడు.

మా తరగతి గదుల్లోనూ ఇన్సులిన్ తీసుకునే పిల్లలు ఉంటారు. వాళ్లను ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టడం మంచి పని కాదు. ఆటకు ముందు ఏం తినాలో, ఎప్పుడు ఆగాలో తల్లిదండ్రుల్నీ, వైద్యుణ్ణీ అడిగి తెలుసుకుని ఆడనివ్వడం ఉపాధ్యాయుల బాధ్యత.

ఇక జాగ్రత్తల విషయం. మొదటిది, వైద్యుని దగ్గరకు వెళ్లకుండా పరుగు మొదలుపెట్టవద్దు. మధుమేహం ఉన్నవారికి గుండెకు రక్తం సరిగా అందకపోయినా ఒక్కొక్కసారి నొప్పి తెలియదు. ఉత్త ఆయాసమే అనుకుని ఊరుకుంటారు. కనుక గుండె పరీక్ష అవసరమో కాదో వైద్యుడు చెప్పాలి. కళ్లు కూడా చూపించుకోవాలి. కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిని ఉంటే, దానికి చికిత్స అయ్యేదాకా గెంతడం, పరుగెత్తడం పనికిరాదు. మూత్రపిండాలు, పాదాలు కూడా పరీక్ష చేయించుకోవాలి.

రెండవది, మొదటి రోజే పరుగు కాదు. నెల రోజులు నడక. ఆ తర్వాత రెండు నిమిషాలు నడిచి ఒక నిమిషం మెల్లగా పరుగు, మళ్లీ రెండు నిమిషాలు నడక. ఇలా అరగంట. కొన్ని వారాల మీద పరుగు భాగం పెంచుకుంటూ పోవాలి. వేగం ఎంత ఉండాలి? పక్కనున్నవారితో రెండు మాటలు మాట్లాడగలిగేంత. మాట రాకుండా రొప్పు వస్తే వేగం ఎక్కువైనట్టే. వయసులో ఉన్నవాళ్లతో పోటీ పెట్టుకుని ఒక్కసారిగా దూకితే కాలేయం నుంచి చక్కెర విడుదలై, పరుగు తర్వాత కాసేపు రక్తంలో చక్కెర పెరగడం కూడా ఉంటుంది. అది చూసి వ్యాయామం పనికిరాదని మానేసిన వాళ్లున్నారు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. చక్కెర మరీ తగ్గిపోవడం. దీన్ని వైద్యులు హైపోగ్లైసీమియా అంటారు. ఇన్సులిన్ వేసుకునేవారికి, గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చాలా తక్కువ. మీరు వాడే మాత్ర ఏ రకమో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. ఇన్సులిన్ గాని అటువంటి మాత్రలు గాని వాడేవారు పరుగుకు ముందు వేలి కొన మీద పరీక్ష చేసుకోవాలి. 90 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరాలి. 250 దాటి, దానితోపాటు ఒంట్లో నలత, వాంతి, అతిదాహం ఉంటే ఆ రోజు పరుగు మానాలి. ఇన్సులిన్ మీద ఆధారపడిన వారైతే అప్పుడు మూత్రంలో కీటోన్లు చూపించుకోవాలి.

చక్కెర పడిపోతే చెమట పోస్తుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది, కోపం వస్తుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన పరగడుపున నడకకు పోయి బస్టాండు దగ్గర తూలి కూలబడ్డాడు. పొద్దున్నే తాగాడని జనం నవ్వుకుంటూ పోయారు. టీ కొట్టు అబ్బాయి ఒక్కడు దగ్గరకు పోయి, చెమట చూసి, తీపి టీ తాగించబట్టి ఆయన లేచాడు. తూలేవాళ్లందరూ తాగినవాళ్లు కారని మనం గుర్తుపెట్టుకోవాలి.

అటువంటప్పుడు చేయవలసింది ఇది. వెంటనే ఆగాలి. మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలు కూర్చోవాలి. తగ్గకపోతే మళ్లీ అంతే తీసుకోవాలి. తేరుకున్నాక ఒక రొట్టె ముక్కో, రెండు బిస్కట్లో తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ అంబులెన్సుకు అదే నంబరు. ఇంకో మాట. పొద్దున గట్టిగా పరుగెత్తితే ఆ రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవారు ఈ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి.

సరిహద్దు ప్రాంతంవాళ్లం కనుక మనకు మాత్రమే అవసరమైన ఒక చిన్న పని చెబుతాను. పరుగుకు పోయేటప్పుడు జేబులో చక్కెర పొట్లంతో పాటు ఒక చీటీ పెట్టుకోండి. ఒక వైపు తెలుగులో, రెండో వైపు మరాఠీలో రాయండి. నాకు మధుమేహం ఉంది, నేను తూలుతుంటే చక్కెర ఇవ్వండి, స్పృహ లేకపోతే ఆసుపత్రికి తీసుకుపోండి అని. కింద ఇంటివారి ఫోన్ నంబరు వేయండి. పరుగెత్తుతూ ఏ ఊరి పొలిమేరలో ఆగుతామో, ఎదురయ్యే మనిషికి ఏ లిపి వస్తుందో మనకు తెలియదు కదా. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ చీటీ వాళ్లచేత రాయించండి. వాళ్లకూ ఈ విషయం తెలిసిపోతుంది.

నాలుగవది పాదాలు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారుతాయి. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా తెలియదు. అది పుండై, చీము పట్టి, వేలు తీసేసేదాకా పోయిన సందర్భాలు మన ఊళ్లలో అరుదు కావు. అందుకే చెప్పులు లేని పరుగు వద్దన్నాను. రబ్బరు చెప్పులతోనూ వద్దు. బూట్లు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, కొలత సరిగ్గా దొరుకుతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తొడుక్కునే ముందు లోపల ఏదైనా దూరిందేమో దులిపి, తర్వాత చెయ్యి పెట్టి రాయి ఉందేమో చూసుకోండి. ఇంటికి వచ్చాక పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అడుగు భాగం అద్దంలో చూసుకోండి. వానాకాలంలో మన నల్లరేగడి మీద పరుగెత్తడం ప్రమాదం. బడి మైదానమో, తారు రోడ్డు అంచో మేలు. ఎండాకాలం తెల్లవారుజామునే ముగించాలి.

ఉపవాసాల గురించి కూడా చెప్పాలి. ఏకాదశి, సోమవారం, నవరాత్రి, రంజాన్ రోజా, ఏదైనా సరే, తిండి మానిన రోజు పరుగు వద్దు. ఇన్సులిన్, మాత్రలు వాడేవారు ఉపవాసమే వైద్యుణ్ణి అడిగి ఉండాలి. ఉపవాసం పేరు మీద తినే సాబుదాణా ఖిచిడీ తేలిక తిండి అనుకుంటాం. అది రక్తంలో చక్కెరను చాలా త్వరగా పెంచుతుంది.

పరుగు మొదలుపెట్టాక చక్కెర తగ్గుతుంది. అక్కడే ఒక చిక్కు ఉంది. "ఇక మాత్రలెందుకు?" అని చాలామంది తమంతట తామే మానేస్తారు. రెండు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత పెళ్లిళ్లు వస్తాయి, వానలు వస్తాయి, పరుగు ఆగుతుంది. మాత్రా లేదు, పరుగూ లేదు. తెలిసేసరికి కంటిచూపో, కాలో పోతుంది. మాత్ర తగ్గించవలసి వస్తే పరీక్ష కాగితాలు చూసి వైద్యుడు తగ్గిస్తాడు. నాకూ కొంత తగ్గించారు. పూర్తిగా మాన్పించలేదు.

చివరగా జనం చూపు సంగతి. మన పల్లెల్లో తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తేది పోలీసు భర్తీకో, సైన్యానికో తయారయ్యే కుర్రాళ్లే. నలభై దాటిన మాస్టారు పరుగెడితే ఒకరు "ఎవరు తరుముతున్నారు సార్?" అంటారు, మరొకరు "గురుజీ, కా పళతాయ్?" అంటారు. మరాఠీలో పళణే అంటే పరుగెత్తడమూ అవుతుంది, పారిపోవడమూ అవుతుంది. పారిపోతే ఈ జబ్బు వెంటే వస్తుందని నవ్వుతూ జవాబు చెబుతుంటాను. మగవాళ్ల మాట ఇలా ఉంటే ఆడవాళ్ల ఇబ్బంది ఇంకెంతో. నలుగురైదుగురు కలిసి బడి మైదానానికి పోతే ఆ బెరుకు తగ్గుతుంది. బడి వేళలకు ముందు మైదానం గేటు తెరిచి ఉంచమని గ్రామ పెద్దలు, పాఠశాల కమిటీలు చెబితే దానికి ఖర్చేమీ కాదు. పరుగెత్తలేని వారు అక్కడే నడవవచ్చు.

కాబట్టి శ్రోతలారా, ఈ ప్రసంగం వినగానే రేపే బూట్లు కట్టుకోవద్దు. ముందు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తం, బి.పి., కళ్లు, పాదాలు చూపించుకోండి. వేసుకునే మాత్రల పేర్లు రాయించుకోండి. చీటీ రెండు భాషల్లో తయారుచేసుకోండి. ఆ తర్వాత నడక మొదలుపెట్టండి. నెల తిరిగాక పరుగు సంగతి చూడవచ్చు.