మనోవ్యాధి - గ్లైసీన్ చికిత్స

స్కిజోఫ్రీనియా అను మనోవ్యాధికి క్లోర్‌ప్రొమజైన్ అను మందును 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు వాడి చూపిరి. నాటినుండి ఇట్టి మందులవలన, లేని గొంతులు వినుట, లేని శత్రువులను ఊహించుట చాలమందిలో తగ్గుచున్నవి. కాని మాటయు చొరవయు ఉడిగి రోగి ఒక మూల కూర్చుండుట అంతగా తగ్గుట లేదు. ఇంటివారిని క్రుంగదీయునది ఆ మౌనమే.

మెదడులో గ్లుటమేట్ సందేశమును అందుకొను ఒక గ్రాహకము మందగించుట ఇందుకు కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు తలచిరి. అది పనిచేయుటకు గ్లైసీన్ వంటి అమైనో ఆమ్లము తోడు కావలెను. అందుచే మందులతోపాటు గ్లైసీన్ పొడిని దినమునకు పదులకొలది గ్రాములు ఇచ్చి చూచిరి. తొలి చిన్న పరీక్షలు ఆశ గొలిపినవి. కాని 2007లో ప్రకటింపబడిన పరీక్షలో, 157 మందిని 16 వారములు పరిశీలింపగా, గ్లైసీన్ తీసికొన్నవారు ఉత్తుత్తి మందు తీసికొన్నవారికంటె మెరుగుపడలేదు. క్లోజపైన్ వాడువారిపై జరిపిన పరీక్షలలోను మేలు కనబడలేదు.

కావున మేము శ్రోతలకు మనవి చేయునది ఇది: పొడి వాడదలచినచో ముందు వైద్యునికి చెప్పుడు, వాడుచున్న మందుల పేర్లన్నియు చెప్పుడు. పొడి తెచ్చితిమి గదా అని మాత్ర మానిపింపకుడు. మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. ఆ మౌనమునకు మందు ఇంకను వెదకుచున్నారు. రోగిని ఆదరముతో పలుకరించుట మాత్రము నేడే మన చేతిలో నున్నది.