నోరులేని సొమ్ము – మన బాధ్యత

(కాకినాడ పరిసర గ్రామాల పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాలలో మేము మామూలుగా వెన్నశాతం గురించి, దాణా గురించి, ఎదకు వచ్చిన గేదెను సకాలంలో కట్టించడం గురించి మాట్లాడుతూ ఉంటాం. ఈ రోజు చెప్పదలచుకున్నది వేరు. పశువును మనం ఎలా చూస్తున్నాం అన్నదే ఈనాటి విషయం. జీవకారుణ్యం అనగానే అది పట్నవాసుల ముచ్చట అనీ, పాడి చేసుకునేవాడికి అవన్నీ కుదరవనీ కొందరు అంటారు. మేము ఉపన్యాసం చెప్పి మీ మీద తప్పు మోపడానికి రాలేదు. మన పాకలో జరిగేది మనమే ఒకసారి నిలబడి చూసుకుందామని వచ్చాం.

గాంధీజీ పాలు మానేసిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా ఆయన ఆ పని చేశారు. కలకత్తాలో పాడిపశువులను పెట్టే బాధలను గురించి చదవడం అందుకు ఒక కారణమని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ బాధలలో ఒకటి ‘ఫూకా’. చేపని పశువు యోనిలోకి గొట్టంతో గాలి ఊది పాలు తీసే పద్ధతి అది. 1918లో తీవ్రంగా జబ్బుపడినప్పుడు కస్తూరిబా మాట మీద ఆయన మేకపాలు పుచ్చుకున్నారు. తన ప్రతిజ్ఞ ఆవుపాలకు, గేదెపాలకు సంబంధించినదే కదా అని సర్దిచెప్పుకున్నా, ఆ వెలితి ఆయనను వదలలేదు. పాలు అమ్మి బతికే మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.  పాలు తీసే తీరు కూడా ఆ మహానుభావుడి మనసు విరిచింది.

చట్టం ఏమంటుంది?

కళాక్షేత్రం స్థాపించిన నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు పశుహింసను అరికట్టడానికి ఒక బిల్లు తెచ్చారు. ఆ కృషి ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ మండలి ఆమె నాయకత్వంలోనే ఏర్పడింది. కొట్టడం, శక్తికి మించి పని చేయించడం, కదలనివ్వని పొట్టి తాడుతో గంటల తరబడి కట్టేయడం, తిండి నీరు లేకుండా ఉంచడం, ఇవన్నీ ఆ చట్టం కింద నేరాలే. 1960లో వీటికి పెట్టిన జరిమానా మాత్రం మొదటి తప్పుకు 50 రూపాయలు మించలేదు. ఆ మాత్రం జరిమానాకు భయపడేవాడు ఎవరు?

అయితే అదే చట్టంలో పాడిరైతులను ఉద్దేశించిన 12వ సెక్షను ఒకటి ఉంది. ఫూకా గాని, పాలకోసం పశువు ఆరోగ్యం చెడగొట్టే మరే పని గాని చేస్తే 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ. ఆ పశువు ప్రభుత్వపరం అవుతుంది. 1982లో సవరించినప్పుడు సూదిమందు పొడవడాన్ని కూడా ఇందులో చేర్చారు. కనుక ఇది ఎక్కడో కలకత్తాలో ఒకప్పుడు జరిగిన సంగతి కాదు. మన ఊళ్ళో చాటుగా చేతులు మారే ఆక్సిటోసిన్ సీసాను గురించిన సంగతి.

చేపు సంగతి

గేదె ఎందుకు చేపుతుందో తెలుసుకుంటే మిగతావన్నీ తేలికగా అర్థమవుతాయి. దూడ మూతి తగిలినా, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి నిమిరినా ఆ కబురు మెదడుకు చేరుతుంది. అప్పుడు ఆక్సిటోసిన్ అనే పదార్థం రక్తంలో కలిసి పొదుగుకు వస్తుంది. పొదుగులోని పాలు చన్నులలోకి దిగుతాయి. ఈ బలం ఐదు, ఆరు నిమిషాలకు మించి ఉండదు. ఆవుకంటే గేదె చేపడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ సమయంలో అరిచినా, కొట్టినా, కొత్త మనిషి గదమాయించినా, బెదురు వల్ల పుట్టే అడ్రినలిన్ ఈ పనికి అడ్డుపడుతుంది. గేదె ఎగచేపుతుంది. మనం దాన్ని పొగరు అంటాం. నిజానికి అది భయం.

కొన్నేళ్ళ క్రితం మేము చూసిన ఒక సంగతి చెబుతాం. ఒక సభ్యుని గేదె పూటకు ఐదు లీటర్లు ఇస్తూ ఇస్తూ మూడుకు పడిపోయింది. ఆయన మా దగ్గరకు వచ్చారు. మేము పాకకు వెళ్ళకుండానే ఖనిజ లవణాల మిశ్రమం పెట్టమని చీటీ రాసి ఇచ్చాం. పది రోజులైనా ఫలితం లేదు. అప్పుడు వెళ్ళి చూస్తే, పాలు పితకడానికి కొత్తగా కుదిరిన మనిషి గేదె కాలు కదిపినప్పుడల్లా పలుపుతో డొక్క మీద కొడుతున్నాడు. అతని అడుగుల చప్పుడు వినగానే గేదె కళ్ళు తెల్లబడుతున్నాయి. “అమ్మా, ఓ నాలుగు రోజులు మీరే పితికి చూడండి” అని ఇల్లాలితో అన్నాం. వారం తిరగకుండా పాలు మళ్ళీ వచ్చాయి. ఆ తప్పులో మాకూ భాగం ఉంది. చీటీ రాయడం తేలిక. పాక దాకా నడవడమే కష్టం.

జున్ను ఎవరిది?

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం చేదుగా ఉంటుంది, మన్నించండి. గేదె ఈనితే మన పక్కన మొదటి సంబరం జున్ను. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు పంచుతాం. మంచి అలవాటే. కాని పుట్టిన దూడకు తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి అందదు. అది జున్నుపాల ద్వారానే రావాలి. ఆ శక్తిని దూడ పేగులు తీసుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, అందులోనూ మొదటి కొన్ని గంటలలో ఎక్కువ. కనుక పుట్టిన గంట, రెండు గంటలలోపు దూడ తాగాలి. రోజుకు దాని బరువులో పదోవంతు, అంటే ముప్ఫై కిలోల దూడకు మూడు లీటర్లు, మూడు నాలుగు సార్లుగా పట్టాలి. మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదని కొందరు నమ్ముతారు. నిజం దీనికి తలకిందులు. దూడ కుడిస్తే అదే ఆక్సిటోసిన్ గర్భసంచి మీద కూడా పనిచేసి మాయ పడడానికి తోడ్పడుతుంది. ముందు దూడ, తరువాతే జున్ను తపేలా.

పెయ్యదూడ అయితే ఏదో ఒక విధంగా బతుకుతుంది. దున్నదూడ పుడితే ఇంట్లో ముఖాలు మాడిపోతాయి. ఒకప్పుడు దమ్ముకు, బండికి దున్నపోతు కావాలి. ట్రాక్టర్లు వచ్చాక దానికి పని లేదు. అందుకని దాన్ని మనం చేత్తో చంపం. చేపుకు ఒకసారి వదిలి, వెంటనే లాగి రాటకు కట్టేస్తాం. అంతే. ఇరవై రోజులకో నెలకో అది పడిపోతుంది. “దూడ నిలవలేదండీ” అంటాం. నిలవకపోవడానికి కారణం మనకు తెలుసు.

తరువాత ఏమవుతుంది? దూడ లేని గేదె ఎగచేపుతుంది. కొందరు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఎదురుగా పెడతారు. మరికొందరు సూది పొడుస్తారు. రెండు పూటలా పొడిచాక సూది లేకపోతే ఆ గేదె చేపదు. కాన్పు కష్టమైనప్పుడు డాక్టరుగారు చూసి వాడవలసిన మందును గర్భసంచి మీద పనిచేస్తుందని తెలిసి కూడా రోజూ వాడితే ఎద తప్పడం, కట్టు నిలవకపోవడం వంటి చిక్కులు వస్తాయి. దూడకు దక్కకుండా మిగిల్చిన రెండు లీటర్ల పాలు చివరకు గేదెకే ఎసరు పెడతాయి. దయ, లాభం వేరువేరు దారులు అనుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.

చేయవలసినది పెద్ద కష్టమేమీ కాదు. ఆడదైనా మగదైనా మొదటి మూడు నెలలు దూడకు పాలు వదలండి, వయసు పెరిగేకొద్దీ తగ్గిస్తూ రండి. గేదె దూడలను ఎక్కువగా తీసుకుపోయేది ఏలికపాములు. పుట్టిన పదో రోజుకల్లా డాక్టరును అడిగి మందు పట్టించండి. రెండో వారం నుండి లేత పచ్చగడ్డి పోచలు నోటికి అలవాటు చేయండి. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు వచ్చింది. అది దొరికిన చోట వాడుకుంటే పదింట తొమ్మిది వరకు పెయ్యలే పుడతాయని అంచనా. పుట్టాక ఆకలితో చంపడంకంటే పుట్టకముందే జాగ్రత్తపడడం మేలు కదా.

ఎండ, తుఫాను

గేదెది నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుకు తోలే వీలు కూడా ఉండదు. నీడలో కట్టి, రోజుకు రెండుసార్లు ఒళ్ళు తడిపి, కోరినన్ని నీళ్ళు అందుబాటులో ఉంచాలి. ఎడ్లబండ్లు ఇంకా ఉన్నవారికి కూడా ఒక మాట. 1965 నాటి నిబంధనల ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు మించి, విరామం లేకుండా ఐదు గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు బండి కట్టకూడదు. మన ఎండాకాలానికి సరిగ్గా సరిపోయే నిబంధన ఇది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను, 1996 నవంబరు 6న కోనసీమను, మన ప్రాంతాన్ని ముంచెత్తిన తుఫానును చూసినవారు ఈ సభలోనే ఉన్నారు. గేదె బాగా ఈదగల జంతువు. కాని మెడకు పలుపు, దాన్ని రాటకు ముడి ఉంటే ఏం ఈదుతుంది? మనం మాత్రం పిల్లాపాపలతో మేడ ఎక్కి, దానిని కట్టుకొయ్య దగ్గర వదిలేస్తే, మనలను నమ్మినందుకు అది ప్రాణమిచ్చినట్లే. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే మెరక మీదకు తోలండి. అందుకు వ్యవధి లేకపోతే పలుపు విప్పేయండి. ముడి విప్పడానికి అర నిమిషం పట్టదు.

పండుగనాటి మాట

కనుమనాడు కొమ్ములకు పసుపు, కుంకుమ పెట్టి పశువులకు దండం పెడతాం. శివాలయంలో నంది చెవిలో కోరిక చెప్పుకుంటాం. అదే రోజున మన గోదావరి జిల్లాల్లో కాళ్ళకు కత్తులు కట్టి కోళ్ళను బరిలోకి దింపుతాం. ఇది ఆచారం అంటాం. ఈ చిక్కు మన ఒక్కరికే లేదు. అహింసను బోధించిన బుద్ధుని కొలిచే థాయిలాండ్‌లో కూడా జంతుహింసను అరికట్టే ప్రత్యేక చట్టం 2014లో గాని రాలేదు. రెండేళ్ళ వరకు జైలు, 40,000 బాత్‌ల వరకు జరిమానా పెట్టారు గాని, ఆచారంగా సాగే జంతు పోరాటాలను మాత్రం మినహాయించారు. మన 1960 చట్టం అలా కాదు. జంతువులను పోరుకు ఉసిగొల్పడం నేరమే అంది. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా కోడిపందాలను ఆపించాలని అధికారులను ఆదేశించింది. అయినా సంక్రాంతికి బరులు వెలుస్తూనే ఉన్నాయి. ఎక్కడైనా సరే, మతం దయ చెప్పినంత మాత్రాన, చట్టం జరిమానా రాసినంత మాత్రాన మనిషి చెయ్యి ఆగదు. పక్కవాడు చూసి “ఇది తప్పురా” అన్ననాడే ఆగుతుంది. ఆ పక్కవాడు మన సంఘమే ఎందుకు కాకూడదు?

సంఘం చేయగలిగినవి

పాలకేంద్రంలో మనం వెన్నశాతం చూస్తాం, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాం. దూడ బతికి ఉందా అని అడగం. ఆ యంత్రం అది చెప్పదు. కనుక మేము కోరేది ఇంతే. ఈనిన ప్రతి గేదెకు సంఘం పుస్తకంలో దూడ కోసం ఒక గడి గీయండి. నెల రోజులకు, మూడు నెలలకు అది ఎలా ఉందో రాయండి. డాక్టరు చీటీ లేకుండా చేపు సూది వాడబోమని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయండి. తుఫాను వేళ మైకులో మనుషులకు చెప్పే మాటతోపాటు “పలుపులు విప్పండి” అన్న మాట కూడా చెప్పించండి. పశువు పడిపోతే 1962 నంబరుకు ఫోను చేయడం ఇంట్లో అందరికీ నేర్పండి. పాకలో ఎక్కువ పని చేసేది ఆడవాళ్ళు. సభ్యత్వం మగవారి పేరున ఉన్నా ఈ కబుర్లు వంటింటి దాకా చేరాలి.

సొమ్ము అనే మాటకు మన పక్కన పశువు అనే అర్థం ఉంది, ఆస్తి అనే అర్థమూ ఉంది. ఆస్తిని అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. కాని ఈ సొమ్ముకు ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది. రేపు తెల్లవారుజామున తపేలా పట్టుకుని పాకలోకి వెళ్ళినప్పుడు ముందు దూడ డొక్క చూడండి. తరువాత పొదుగు దగ్గర కూర్చోండి.